మధ్య అడుగు

పెరంబూరు రైల్వే మైదానం, తెల్లారి అయిదున్నర.
ఇసుక గుంటలో రాత్రి కుక్క పడుకున్న పల్లం.
పార తీసుకుని నేను దాన్ని చదును చేసేసరికి
రోజ్‌లిన్ టీచరు స్కూటర్ ఆపి
డిక్కీలోంచి ముగ్గుపిండి డబ్బా తీస్తుంది.

ఆమె ముగ్గు వాకిట్లో వెయ్యదు,
నా కాలు ఎక్కడ పడిందో అక్కడ వేస్తుంది.
మొదటి రోజు మూడు గీతలు గీసి టేపు పరిచింది.
మొదటి గెంతు నాలుగు మీటర్ల తొంభై.
రెండోది మూడు పది.
ఆఖరి దూకుడు నాలుగు ఇరవై.
"చూడు సూళ్ళూరూ," అంది,
మా ఊరి పేరే ఆమెకు నా పేరు,
"పెద్దదానికీ చిన్నదానికీ పెట్టి
నడిమిదాన్ని పస్తు పడుకోబెట్టావు."
నేను నవ్వలేదు.
మా ఇంట్లో నడిమిదాన్ని నేనే.

నాకు మొదటి గెంతంటే ఆశ.
పలక మీద కుడికాలు పడగానే ఒళ్ళంతా లేస్తుంది,
వాటర్ ట్యాంకు పక్క గడియారం కనిపిస్తుంది,
ఒక్క క్షణం పెరంబూరు మొత్తం నా కింద.
తర్వాత దిగాలి గదా.
అంతెత్తు నుంచి ఒంటికాలి మీద దిగితే
మోకాలు కుంగుతుంది, నడుం వెనకబడుతుంది,
ఇక రెండోది అడుగు కాదు,
పడకుండా ఆపుకోవడం.

మా తమ్ముడు ప్రభుదాసు ఫోన్లో తీసి
నెమ్మదిగా తిప్పి చూపించాడు:
మడమ ముందుకు పోయి నేలకు అడ్డం పడుతోంది,
ఆటోవాడు బ్రేకు తొక్కినట్టు.
"కాలు పెట్టమాకు, నేలను గీకు," అంది టీచరు
వచ్చీరాని మా తెలుగులో,
"కోడి పెంట గీకుతుందే, అట్టా.
పాదమంతా ఒక్కసారే దించి వెనక్కి లాగు."

ఆ వారమంతా నేను కోడిని.
గడ్డి మీద, వట్టి కాళ్ళతో,
కుడి కుడి ఎడమ, కుడి కుడి ఎడమ,
జానెడు చెక్కపెట్టెల మీంచి,
పాత సైకిల్ ట్యూబులు పరిచిన వరసలోంచి.
ట్యూబుకీ ట్యూబుకీ మధ్య
రోజుకో బెత్తెడు ఎడం పెంచేది.
బెత్తెడంటే ఎంతో
పిక్కల్ని అడగండి.

మూడో వారం కొలవడం మానేసి
కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టింది.
నా కాళ్ళ చప్పుడు: దభ్... టక్‌టక్.
"సమంగా రావాలి. అదిగో, అట్టా."
గోడ అవతల రైలు పెట్టెల ఫ్యాక్టరీలో
ఎవరో రేకు మీద సుత్తి వేస్తున్నారు.
మా నాన్న కావచ్చు, కాకపోనూవచ్చు.

రెండోసారి గాల్లోకి లేచినప్పుడల్లా
గట్టిగా అరుస్తుంది: "ఇరు! ఇరు!"
అరవంలో ఇరు అంటే ఉండు.
మా మాటలో ఇరు అంటే రెండు.
ఆగమంటోందో, లెక్కపెడుతోందో
మొదట్లో తెలిసేది కాదు.
ఇప్పుడు రెండూ ఒకటే అనుకుంటాను:
తొడ నేలకు సమంగా ఎత్తిపట్టి,
కిందికి రావాలన్న తొందరను పళ్ళ మధ్య కరిచి,
రెండో దాంట్లో ఉండడం.

ఇవాళ మబ్బు పట్టింది.
"మొదటిది జానన్నర తగ్గించు,
నీ సొమ్మేం పోదు," అంది.
పోయింది.
గడియారం కనిపించలేదు,
ట్యాంకు సగం దాకానే.
పొట్టి గోడ దాటినట్టు, నేలకు దగ్గరగా,
గీకాను,
ఇరు,
ఇంకా ఇరు,
ఆ పైన ఇసుక. తడి ఇసుక, నోట్లో కూడా.

ప్రభుదాసు టేపు కొస పట్టుకుని రెండుసార్లు చదివాడు.
నాలుగు అరవై. మూడు యాభై అయిదు. నాలుగు ఇరవై అయిదు.
వేళ్ళ మీద కూడాను: పన్నెండు నలభై.
మొదటి గెంతులో ముప్ఫై వదులుకుంటే
మొత్తం మీద ఇరవై పెరిగింది.
ఈ లెక్క ఇంట్లో ఎట్టా చెప్పాలో తెలీదు.

టీచరు ఏమీ అనలేదు.
మధ్య గీత మీద ఇంకాస్త పిండి పోసి
వేలితో అంచు సరిచేసింది.
"గుంట చదును చెయ్యి. ఇంకా ఎనిమిదున్నాయి."

కంచె పక్కన కుక్క కూర్చుంది,
మేం ఎప్పుడు పోతామా అని.